తండ్రి వేషము: ఖయీమ్ టోపోల్ చరిత్రము

సంఘసంస్కరణ చరిత్రములు వ్రాయువారు సాధారణముగా రెండు తెగలవారిని గూర్చి వ్రాయుదురు. ఉపన్యాసములిచ్చి, పత్రికలు నడపి, శాస్త్రచర్చలు చేసి పోరాడినవారు ఒక తెగ. ఆ పోరాటముయొక్క ఫలమును తమ బ్రదుకులలో చవిచూచిన స్త్రీలును యువకులును రెండవ తెగ. ఈ ఇరువురికిని నడుమ మూడవ మనుష్యుడొకడు నిలిచియుండును. అతడు ఇంటి యజమానుడు, కుమార్తెకు తండ్రి. క్రొత్తమాట మొదట అతని వీథియరుగు మీదికే వచ్చును. అతడు ఒప్పుకొన్నచో సంస్కరణము గడప దాటి లోపలికి పోవును. కాదన్నచో వీథిలోనే నిలిచిపోవును. సభలలో జరిగినదానికి తీర్మానపత్రములు మిగులును గాని, నిద్రపట్టక రాత్రియెల్ల పడకపై దొర్లిన తండ్రి మనస్సులో నేమి జరిగినదో తెలుపు పత్రమేదియు మిగులదు.

అట్టి తండ్రిని రంగస్థలముమీద నిలువబెట్టి, నలుబది యేండ్లకు పైగా మరల మరల లోకమునకు చూపిన నటుడొకడు మన కాలమున నుండెను. అతడు ఇజ్రాయేలు దేశీయుడగు ఖయీమ్ టోపోల్. 1935లో పుట్టి 2023లో గతించిన యీ నటగాయకుని చరిత్రము కేవలము వినోదరంగపు చరిత్రము కాదు. మాఱుచున్న కుటుంబములో తండ్రికి గల స్థానమును గూర్చి ఆలోచించు ప్రతి గృహస్థునకును గృహిణికిని అందులో పనికివచ్చు విషయము కలదు.

టోపోల్ 1935వ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీన టెల్ అవీవ్ నగరమున జన్మించెను. ఇజ్రాయేలు రాజ్యము అప్పటికి పుట్టలేదు. ఆ భూమి పాలస్తీనా యను పేర బ్రిటిషువారి యేలుబడిలో నుండెను. తలిదండ్రులు ఐరోపానుండి వలసవచ్చిన యూదులు. తండ్రి గోడలకు గచ్చుపూత పూయు పనివాడు. తల్లి కుట్టుపని చేయునది. వారు కాపురముండినది ఫ్లోరెంటిన్ అను శ్రామికుల పేట. బాలునికి బొమ్మలు గీయుటయందు మక్కువ మెండు. చిత్రకారుడై ఆ వృత్తిచే జీవింపవలెనని కోరిక. అయితే ప్రాథమిక పాఠశాలలో అతనికి చదువు చెప్పిన యెమీమా అవిదార్-చెర్నోవిట్జ్ స్వయముగా రచయిత్రి. ఆమె యీ పిల్లవాని గొంతులోను ముఖములోను వేఱొక శక్తిని కనిపెట్టెను. తరగతిలో కథలు చదివించెను. పాఠశాల నాటకములలో వేషములు వేయించెను. పిల్లవాడు దేనికి పనికివచ్చునో ఆ పిల్లవానికంటె ముందుగా తెలిసికొనుట ఉపాధ్యాయుని విధులలో నొకటి. జీతపుచిట్టాలో దానికి పద్దు లేదు గాని, వ్యర్థముగాని పని యది యొక్కటియే యని నాకు తోచును.

పేదయింటి పిల్లవాడగుటచే పదునాలుగవ యేటనే అతడు 'దావార్' అను కార్మికుల దినపత్రికయొక్క ముద్రణాలయములో పనికి కుదిరెను. పగలు అచ్చుపని, రాత్రి చదువు. పదునేడవ యేట చదువు ముగించి గేవా యను కిబ్బుట్జునకు పోయెను. కిబ్బుట్జనగా భూమియు పనిముట్లును అందఱికిని ఉమ్మడియై, వంటయు భోజనమును ఒక్కచోటనే జరుగు సమష్టి వ్యవసాయగ్రామము. పిమ్మట సైన్యములో చేరినప్పుడు, సైనికులకు వినోదము కలిగించు నహల్ బృందములో పాటకుడుగాను నటుడుగాను కుదిరి, తుదకు దానికి నాయకుడయ్యెను. 1956 అక్టోబరులో వివాహమాడిన రెండు దినములకే సినాయి యుద్ధమునకై మరల పిలుపు వచ్చెను. నవవరుడు ఎడారిలోని సైనికులకు పాటలు పాడుటకై పోయెను.

యుద్ధానంతరము ఆ దంపతులు మిష్మార్ దావిద్ అను కిబ్బుట్జులో కాపురము పెట్టిరి. అక్కడ టోపోల్ మోటారుబండ్లు బాగుచేయు కొట్టములో పనిచేసెను. సైన్యములోని పాత మిత్రులను కూర్చుకొని 1957లో ఒక నాటకబృందమును స్థాపించెను. వారానికి నాలుగు దినములు ఊరూర నాటకము. రెండు దినములు గ్రామమున కాయకష్టము. ఒక దినము విశ్రాంతి. నటుడు శ్రమజీవియే యనియు, చేతులకు నూనెమసి యంటినంతమాత్రమున గొంతులోని పాట మలినము కాదనియు ఈ యేర్పాటు తెలుపుచున్నది. తరువాత 'పచ్చ ఉల్లి' యను అర్థమునిచ్చు పేరుగల హాస్యబృందములో పనిచేసి, యోసెఫ్ మిలో అను దర్శకునితో కలసి హైఫా పురపాలక నాటకశాలకు పునాది వేసెను. అక్కడ షేక్స్పియరు, బ్రెక్ట్, అయనెస్కో మున్నగువారి నాటకములలో వేషములు ధరించి విద్యను పదును పెట్టుకొనెను.

అతనికి మొదట విదేశకీర్తిని తెచ్చినది 1964లో వెలువడిన 'సలాహ్ షబాతి' యను చలనచిత్రము. దానిని రచించి దర్శకత్వము వహించిన ఎఫ్రాయిమ్ కిషోన్ హంగేరీలో పుట్టి, నాజీల చెఱనుండి బయటపడి, 1949లో ఇజ్రాయేలునకు వచ్చిన హాస్యరచయిత. కథానాయకుడగు సలాహ్ తూర్పుదేశమునుండి పెద్ద కుటుంబముతో వలసవచ్చిన బీదయూదుడు. దొరతనమువారు అతనిని రేకుల గుడిసెల శిబిరములో పడవేయుదురు. ఇల్లు కావలెనని యెంత మొఱపెట్టినను దొరకదు. తుదకు 'మాకు ఇండ్లు వలదు' అని ఎదురుగా ఆందోళన చేయించినప్పుడు, అధికారులు బలవంతముగా ఇండ్లు ఇత్తురు! ఈ కథలోనే మఱియొక ముఖ్యవిషయము కలదు. సలాహ్ తన కుమార్తెను వివాహమాడదలచిన కిబ్బుట్జు యువకునియొద్ద శుల్కము కోరును. ఆడపిల్లకు వెలకట్టు ఆచారమును, ఆ వెలను వినియే ఎఱుగని క్రొత్తసంఘమును ఎదురెదురుగా నిలిపి కిషోన్ ఇరువురిని పరిహసించెను.

ఆ వేషము ధరించునాటికి టోపోల్ ముప్పదియేండ్లైనను నిండని యువకుడు. చూచినవారు వయస్సు మీఱిన మొరటు తండ్రినే చూచితిమనుకొనిరి. ఆ చిత్రము అమెరికా అకాడెమీవారి విదేశచిత్ర బహుమానమునకు ప్రతిపాదింపబడిన మొదటి ఇజ్రాయేలు చిత్రమయ్యెను. టోపోలునకు క్రొత్తనటులకిచ్చు గోల్డెన్ గ్లోబ్ బహుమానము లభించెను.

ఇచట ఒక ఆక్షేపణను దాచుట న్యాయము కాదు. ఐరోపానుండి వచ్చిన యూదులకును, అరబ్బుదేశములనుండి వచ్చిన యూదులకును ఇజ్రాయేలులో హెచ్చుతగ్గుల భేదముండెను. మొదటివారి చేతిలో అధికారము. రెండవవారికి శిబిరములు, కూలిపనులు. అట్టిచోట ఐరోపా యూదుడు రచింప, ఐరోపా యూదుని కుమారుడు నటింప, తూర్పు యూదుడు సోమరిగాను, జూదరిగాను, పిల్లలను కని పోషింపలేనివానిగాను నవ్వులపాలగుట ఎట్టిది? ఎల్లా షోహత్ అను విదుషి 1989లో వెలువరించిన ఇజ్రాయేలు చలనచిత్ర చరిత్రములో ఈ ప్రశ్నను గట్టిగా అడిగెను. ఆ ప్రశ్న సరియైనదే. ఒక జాతివారి బాధను మఱియొక జాతివారు నటించుట దోషము కాకపోవచ్చును. ఆ బాధితులకు రంగస్థలముమీద మఱి వేఱుమాట దొరకనప్పుడు మాత్రము అది దోషమగును. అయినను టోపోల్ నటనలో ఒక గుణముండెను. అధికారియెదుట సలాహ్ తలవంచడు. తన తెలివిని తానే నమ్ముకొనును. ప్రేక్షకులు అతనిని చూచి నవ్వుటతో ఆరంభించి, అతనితో కలసి అధికారులను చూచి నవ్వుటతో ముగింతురు.

ఇక అతని పేరునకు పర్యాయపదమైన తెవ్యె పాత్రను గూర్చి చెప్పవలెను. ఆ పాత్రను సృజించినవాడు షోలెమ్ అలైకెమ్. అది 'మీకు శాంతి కలుగుగాక' యను కుశలప్రశ్నను కలముపేరుగా చేసికొన్న సొలొమన్ రబినోవిచ్ అను మహారచయిత. 1859లో ఉక్రెయినులో పుట్టి 1916లో న్యూయార్కున మరణించెను. ఆ కాలమున తూర్పు ఐరోపా యూదులు ఇంటిలోను అంగడిలోను మాటలాడునది యిద్దిషు భాష. పండితులు దానిని అపభ్రంశమని యీసడించి, హీబ్రూలోనో రష్యనులోనో వ్రాయుటయే గౌరవమని తలంచిరి. షోలెమ్ అలైకెమ్ కూడ మొదట ఆ భాషలలోనే వ్రాసి, 1883లో తల్లుల నోటిభాషకు మఱలెను. తరువాత 1894 మొదలు 1914 వఱకు, ఇరువది యేండ్లపాటు, పాలమ్ముకొను తెవ్యె కథలను ఒక్కొక్కటిగా వెలువరించెను. తెవ్యెకు గుఱ్ఱమొకటి, బండియొకటి, భార్య, ఇంటినిండ కుమార్తెలు. వేదవాక్యములను తప్పులతడకగా వల్లించుచు, దేవునితో పొరుగువానితో వలె మాటలాడును. కుమార్తెల వివాహములే అతని కథలు.

ఈ కథలనుండి జోసెఫ్ స్టీన్ కూర్చిన నాటకమునకు జెర్రీ బాక్ సంగీతమును, షెల్డన్ హార్నిక్ పాటలను సమకూర్ప, 'ఫిడ్లర్ ఆన్ ది రూఫ్' అను పేర 1964 సెప్టెంబరులో న్యూయార్కున ప్రదర్శనమయ్యెను. ఇంటికప్పుమీద నిలిచి ఫిడేలు వాయించువాడు కాలుజాఱకుండ ఎట్లు నిలుచునో, ఆచారమను ఊతతో బీదయూదులు అట్లు నిలిచియున్నారని ఆ పేరునకు భావము. అందు మొదట తెవ్యెగా నటించినవాడు జీరో మోస్టెల్. టోపోల్ 1966లో టెల్ అవీవున జరుగుచున్న ప్రదర్శనములో, ముఖ్యనటుడు వ్యాధిగ్రస్తుడగుటచే కొన్నివారములపాటు ఆ వేషము ధరించెను. అంతలో న్యూయార్కు నాటకమును నిర్మించిన హెరాల్డ్ ప్రిన్స్ 'సలాహ్ షబాతి'ని చూచి, లండనులో తెవ్యెగా నటింప ఇతడు తగునేమో పరీక్షింపదలచి పిలిపించెను. తెరమీద వృద్ధుని చూచినవారి యెదుటికి ముప్పదియేండ్ల యువకుడు వచ్చి నిలువగా వారు విస్మయపడిరి. అప్పటికి టోపోలునకు ఆంగ్లము సరిగా రాదు. పాటలను పళ్లెమునుండి వినివిని కంఠస్థము చేసి, ఉచ్చారణను మాసములకొలది సాధనచేసి దిద్దుకొనెను. 1967 ఫిబ్రవరి 16న లండనులోని హర్ మెజెస్టీస్ నాటకశాలలో ప్రదర్శనమారంభమయ్యెను. తెల్లవాఱునప్పటికి అతడు ప్రసిద్ధుడు. ఆ జూనులో ఇజ్రాయేలునకును అరబ్బుదేశములకును ఆఱుదినముల యుద్ధము సంభవింప, నాటకము విడిచి స్వదేశమునకు పోయి, మరల వచ్చి నటించెను.

1971లో నార్మన్ జ్యూయిసన్ ఆ నాటకమును చలనచిత్రముగా తీసెను. రష్యాపల్లెను చూపుటకై చాలభాగము యుగోస్లావియాలో చిత్రించిరి. ప్రసిద్ధుడగు మోస్టెలును కాదని జ్యూయిసన్ టోపోలునే యెన్నుకొనెను. మోస్టెలుది అమెరికా రంగస్థలపు హాస్యము. తెరకు అంతకంటె నేలవాసన గల మనుష్యుడు కావలెను. ముప్పదియైదేండ్ల టోపోల్ పెండ్లీడు వచ్చిన కుమార్తెలకు తండ్రియై నిలిచి, గోల్డెన్ గ్లోబ్ బహుమానము పొందెను. అకాడెమీవారి ఉత్తమనటుని బహుమానమునకు ప్రతిపాదింపబడెను.

ఆ పాత్ర లోతెట్టిదో చూతము. పెద్దకుమార్తె జైటెలును ధనికుడగు కసాయివానికి ఇచ్చుటకు తెవ్యె మాట యిచ్చియుండును. ఆమె బీద దర్జీవానిని వలచితినని కాళ్లపై బడును. తండ్రి తనలో తానే తర్కించుకొనును: ఒకప్రక్క తన మాట, ఆచారము, ధనము, మఱియొకప్రక్క బిడ్డ కన్నులు. తుదకు బిడ్డకే మొగ్గి, భార్యను ఒప్పించుటకై చచ్చినవారు కలలో వచ్చి చెప్పిరని కట్టుకథ అల్లును. ఆచారమును జయించుటకు ఆచారమునే సాక్ష్యము తెచ్చు ఈ యుపాయము మన పెద్దలకును తెలియనిది కాదు! రెండవకుమార్తె హోడెల్ ఒక విప్లవవాదిని వరించును. వారు అనుమతి కోరరు; ఆశీర్వాదము మాత్రము కోరుదురు. తండ్రికి కోపము వచ్చును, మరల తర్కము, మరల అంగీకారము. తుదకు చెఱలోనున్న ప్రియుని వెంట సైబీరియాకు పోవు బిడ్డను రైలుకడ నిలిచి సాగనంపును. మూడవది ఖావా. ఆమె క్రైస్తవ యువకుని ప్రేమించి, చర్చిలో వివాహమాడును. ఈ మాఱు తెవ్యె త్రాసుకు రెండవ తట్ట దొరకదు. ఆమె చచ్చినదని చెప్పి విడిచిపెట్టును.

ఈ మూడు ఘట్టములలోను టోపోల్ నటన ఒకే త్రోవను నడచును. అతడు కన్నులెత్తి ఆకసమును చూచును, గడ్డము నిమురుకొనును, భారముగా అడుగు వేయును. మొదటి రెండుమార్లు మెల్లగా ముఖము విచ్చుకొనును. మూడవమారు అదే ముఖము మూసికొనును. దుష్టుడు మంచివాడగుటయో, మంచివాడు దుష్టుడగుటయో చూపుట సులభము. ప్రేమింపగల మనుష్యుడే ఒకచోట నిలిచిపోవుటను, నిలిచినందుకు తానే కుమిలిపోవుటను చూపుట కష్టము. టోపోల్ గొప్పతనము అక్కడ నున్నది.

తెవ్యె యేల అంగీకరింపలేదు? సంస్కారము లేనివాడని తేల్చివేయుట తొందరపాటు. 1882 నాటి శాసనములచే యూదులు పల్లెలలో క్రొత్తగా స్థిరపడరాదని జారుచక్రవర్తి ప్రభుత్వము నిషేధించెను. గుంపులు యూదుల ఇండ్లపై బడి కొట్టి దోచుకొనెడివి. ఖావాను వరించిన యువకుని జాతివారే ఆ గుంపులోనివారు. కావున పొరుగుమతములో బిడ్డ కలియుట అతనికి వివాహముగా కనబడదు. తన జాతి తుడిచిపెట్టుకొని పోవుటగా కనబడును. అతని భయము నిజమైనదే. కాని ఆ భయమునకు మూల్యము చెల్లించినది ఏ పాపమెఱుగని ఖావా. ఈ రెండును నిజములే యని చూపి, తీర్పును మనకు విడుచుట యీ కథకు గౌరవము.

మూలకథలకును నాటకమునకును ఇచట భేదము కలదు. షోలెమ్ అలైకెమ్ కథలలో ఒక కుమార్తె, ధనికవరుని బంధువులు సంబంధము చెడగొట్టగా, నీటబడి ప్రాణము విడుచును. వేఱొక కుమార్తె ధనమును వరించియు సుఖమెఱుగదు. ఊరు విడువవలసిన దినమున ఖావా భర్తను వదలి తండ్రిని చేరును. నాటకమున ఆమె భర్తతోనే యుండును. అందఱును ఊరు వదలునప్పుడు ఆ దంపతులు వీడ్కోలు చెప్పవత్తురు. తెవ్యె వారిని చూడడు. బండికి మూటలు కట్టుచునే దైవము మీకు తోడగుగాక యను ఆశీస్సును మెల్లగా పెద్దకుమార్తె నోట పంపును. అంగీకారము కాదది, తలుపునకు పడిన చిన్నసందు. ఊరు విడిచిపోవువాని దుఃఖము ఏ యొక్కజాతి సొత్తును కాదనికూడ ఆ దృశ్యము జ్ఞప్తికి తెచ్చును. ఇజ్రాయేలు ఏర్పడిన 1948 నాటి యుద్ధములో లక్షలకొలది పాలస్తీనా అరబ్బులును అట్లే మూటలు కట్టుకొని ఇండ్లు విడిచిరి.

తెవ్యె కాక టోపోల్ ధరించిన వేషములు పెక్కు. 1975లో జోసెఫ్ లోసీ తీసిన చిత్రములో గెలీలియోగా నటించెను. సత్యమెఱిగియు మతాధికారుల బెదరింపునకు లొంగిన ఆ శాస్త్రజ్ఞుడును వంగిన మనుష్యుడే. 1981లో జేమ్స్ బాండు చిత్రమొకదానిలో నటించెను. 1983, 1988 సంవత్సరములలో వెలువడిన రెండు దూరదర్శన కథామాలికలలో, నాజీల చేతబడిన పోలండు యూదుడగు బెరెల్ జాస్ట్రో వేషము ధరించెను. అయినను లోకము అతనిని తెవ్యెగానే కోరెను. 1990లో న్యూయార్కున నాటకము మరల ఆరంభింప టోనీ బహుమానమునకు ప్రతిపాదింపబడెను. చలనచిత్రములో అతనికి పెద్దకుమార్తెగా నటించిన రోసలిండ్ హారిస్ తరువాతి ప్రదర్శనములలో అతని భార్యగా నటించెను. కుమార్తెలు మాఱిరి, భార్యలు మాఱిరి, తండ్రి మాఱలేదు. మూడువేల యైదువందల మార్లకు పైగా ఆ వేషము ధరించినట్లు లెక్క. 2009లో, డెబ్బదినాలుగేండ్ల వయస్సున, భుజమునకు దెబ్బ తగులుటచే అమెరికా పర్యటనమధ్యమున విరమించెను.

ఒక్క పాత్రతోనే గుర్తింపబడుట నటునకు శాపమనువారు కలరు. అందులో నిజము లేకపోలేదు. కాని ఆలోచింపుడు: ముప్పదియవ యేట అతడు రంగు పూసికొని, నడుము వంచి, వార్ధకమును తెచ్చుకొనవలసివచ్చెను. డెబ్బదియవ యేట ఆ వార్ధకము తానే వచ్చి నిలిచెను. అప్పుడు దాచవలసినది యౌవనము కాదు, అలసట. నడుమ అతడు నిజముగా తాతయయ్యెను. మొదట ఊహించి నటించినదానిని పిమ్మట అనుభవించి నటించెను. ఒక పాత్రతో ఇంతకాలము కాపురము చేయుట ఎందఱి నటులకు లభించును?

చిన్ననాటి చిత్రలేఖనమును అతడు మానలేదు. 25 పుస్తకములకు బొమ్మలు గీసెను. 1967లో వికలాంగ బాలుర సేవకై ఒక సంస్థను తన దేశమున స్థాపించెను. తరువాత గలిలయ ప్రాంతమున, ప్రాణాపాయకరమగు వ్యాధులతో బాధపడు పిల్లలు కొన్నిదినములు ఆడుకొనుటకై 'జోర్డాన్ రివర్ విలేజ్' అను విడిదిని నెలకొల్పి దాని పాలకవర్గమునకు అధ్యక్షుడయ్యెను. యూదుల పిల్లలకును అరబ్బుల పిల్లలకును అందు సమానముగా ప్రవేశము. బహిరంగముగా సంధి కుదరనిచోట రోగశయ్యనుండి లేచివచ్చిన పిల్లలు కలసి ఆడుకొనుట సామాన్యకార్యము కాదు. 2015లో జీవితకాలసేవకు ఇజ్రాయేలు బహుమానము లభించెను. తుదికాలమున ఆల్జ్‌హైమర్ వ్యాధి అతని జ్ఞాపకశక్తిని హరించెను. వేలమార్లు వల్లించిన మాటలు గలవానికి మాటలే దూరమగుట విధివైపరీత్యము. 2023 మార్చిలో, ఎనుబదియేడేండ్ల వయస్సున, పుట్టిన టెల్ అవీవులోనే మరణించెను.

ఈ నటుని చరిత్రమునుండి సంస్కరణాభిమానులు గ్రహింపవలసినదొకటి కలదు. తెవ్యె మొదటి రెండు వివాహములకు ఒప్పుకొన్నప్పుడు ప్రతిదేశమునను ప్రేక్షకులు సంతోషించిరి. ఆ సంతోషము సులభము. ఏలయన ఆ రెండు గీతలను మనమును దాటియే యున్నాము. మూడవ గీతయొద్ద తెవ్యె నిలిచినప్పుడు మాత్రము సభలో నవ్వు ఆగిపోవును. బీదవానికి పిల్లనిచ్చుటకు సిద్ధపడినవారు, కులము వేఱన్నప్పుడు తడబడుదురు. కులమును దాటినవారు మతము వేఱన్నప్పుడు ఆగుదురు. ప్రతి యింటిలోను అట్టి గీతయొకటి గలదు. అది ఎచటనున్నదో బిడ్డ వచ్చి యెదుట నిలుచువఱకు తండ్రికిని తెలియదు. ఆ దినము రాకమునుపే, తీరికగా, తన త్రాసులో రెండవ తట్ట యున్నదో లేదో చూచుకొనుట వివేకవంతుడగు గృహస్థునకు మేలు.